చదువు గుంపులు కావాలి, కులం బల్లలు వద్దు

మూడో తరగతి దాటే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ అర్థం చేసుకుంటూ చదవగలగాలి. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యం ఇది. దానికి పెట్టుకున్న గడువు 2026-27. తెలంగాణలో ఇదే లక్ష్యంతో 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే 'చదవడం మాకిష్టం' అన్నారు. పేర్లు మారుతున్నాయి, శిక్షణలు జరుగుతున్నాయి, యాప్‌లలో మార్కులు ఎక్కుతున్నాయి. మరి పిల్లలు చదువుతున్నారా?

అసర్ 2024 గ్రామీణ సర్వే ప్రకారం దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. ఐదో తరగతిలో 44.8 శాతం. అంటే ఐదేళ్లు బడికి వెళ్లాక కూడా సగానికి పైగా పిల్లలకు రెండో తరగతి పాఠం కొరుకుడు పడటం లేదు. మన రెండు రాష్ట్రాల్లో కరోనా దెబ్బ మరీ గట్టిగా తగిలింది. ప్రభుత్వ, ప్రైవేటు బడులు కలిపి చూస్తే, మూడో తరగతిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 22.6 శాతం ఉంటే 2022 నాటికి 10.3 శాతానికి పడిపోయారు. తెలంగాణలో 18.1 నుంచి 5.2 శాతానికి పడిపోయారు.

ఊళ్లో నాలుగు డబ్బులున్న ఇంటి పిల్లలు పచ్చ బస్సెక్కి ప్రైవేటు బడికి పోతున్నారు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మిగిలేది ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల కూలీ కుటుంబాల పిల్లలే. కాబట్టి ఆ బడిలో చదవడం ఎలా నేర్పుతున్నారన్నది మన రాజకీయ ప్రశ్న కూడా. రిజర్వేషన్ గురించి, ఉన్నత విద్య గురించి మనం మాట్లాడే మాటలన్నీ ఆ మూడో తరగతి గదిలో చదవడం వచ్చిన పిల్లలకే ఉపయోగపడతాయి.

ఈ చర్చలో ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్న పరిష్కారం ఒకటుంది. క్లాసంతటికీ ఒకే పాఠం చెప్పడం మాని, పిల్లల్ని వాళ్ల చదువు స్థాయిని బట్టి చిన్న గుంపులుగా చేసి నేర్పాలి. ఈ పద్ధతి మన పిల్లలకు మేలు చేస్తుంది. అయితే కొన్ని షరతులు లేకపోతే ఇదే పద్ధతి క్లాసులో కొత్త వాడను కట్టగలదు.

గుంపులు ఎందుకు కావాలి

నాలుగో తరగతి గదిని ఊహించుకోండి. 24 మంది పిల్లలు. అందులో ఆరుగురికి అక్షరాలే పూర్తిగా రావు. ఎనిమిది మంది పదాలు చదవగలరు కానీ వత్తు వచ్చిన చోట ఆగిపోతారు. మరో ఆరుగురు చిన్న పేరా చదువుతారు. నలుగురు కథ చదివేస్తారు. టీచరు నాలుగో తరగతి వాచకం తెరిచి పాఠం చదివితే అది నిజంగా అందేది ఆ నలుగురికే. మిగతా 20 మంది టీచరు వెనకే పాఠాన్ని వల్లె వేస్తారు. గొంతులన్నీ కలిసి వినిపిస్తాయి కాబట్టి అందరూ చదువుతున్నట్టే ఉంటుంది. ఒక్కొక్కర్నీ పిలిచి కొత్త పేజీ ముందు పెడితే అసలు సంగతి బయటపడుతుంది.

సిలబస్ పూర్తి చేయడమే టీచరు పని అయినప్పుడు, ముందే వెనకబడ్డ పిల్ల ఏటికేడు ఇంకా వెనకబడుతుంది. ఇంట్లో చదివించేవాళ్లు ఉన్న పిల్లకు ఆ లోటు ఇంటి దగ్గర తీరుతుంది. తల్లిదండ్రులు పొద్దున్నే కూలికి పోయే ఇంట్లో ఆ అవకాశం లేదు. పత్తి ఏరే రోజుల్లోనో, మిర్చి కోతల కాలంలోనో వలస పోయిన కుటుంబం పిల్ల రెండు నెలల తర్వాత తిరిగి వచ్చేసరికి వాచకం పది పాఠాలు ముందుకు పోయి ఉంటుంది.

స్థాయిని బట్టి నేర్పడం ఫలితమిస్తుందని గట్టి ఆధారాలున్నాయి. ప్రథమ్ సంస్థ పద్ధతిని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం అనేక రాష్ట్రాల్లో పరీక్షించింది. 2012-13లో హర్యానాలో బడి సమయంలోనే రోజూ ఒక గంట కేటాయించి, తరగతితో సంబంధం లేకుండా స్థాయి ప్రకారం పిల్లల్ని కూర్చోబెట్టి ప్రభుత్వ టీచర్లే నేర్పారు. చదువు మెరుగుపడింది. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లో కొద్ది రోజుల చొప్పున పెట్టిన చదువు శిబిరాల్లో ఇంకా పెద్ద మార్పు కనిపించింది. బిహార్, ఉత్తరాఖండ్‌లలో మాత్రం బడి రోజువారీ తీరు మారకుండా సామగ్రి, శిక్షణ మాత్రమే ఇచ్చిన చోట చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. దీన్నుంచి తెలిసేది ఏమిటంటే, కిట్లు పంచితే చాలదు. గుంపులకు రోజూ విడిగా సమయం ఇవ్వాలి, ఆ సమయంలో సిలబస్ ఒత్తిడి ఉండకూడదు.

గుంపు ఎప్పుడు కులం అవుతుంది

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో నల్లజాతి పిల్లల బడి ఒకదాన్ని సామాజిక శాస్త్రవేత్త రే రిస్ట్ కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా గమనించి 1970లో అధ్యయనం ప్రచురించాడు. పిల్లలూ నల్లవాళ్లే, టీచరూ నల్లజాతి మహిళే. బడి తెరిచిన ఎనిమిదో రోజుకే టీచరు పిల్లల్ని మూడు బల్లలుగా విడగొట్టింది. అప్పటికి ఏ చదువు పరీక్షా పెట్టలేదు. శుభ్రమైన బట్టలు, బడి భాషకు దగ్గరైన మాట, కాస్త కలిగిన ఇల్లు ఉన్న పిల్లలు మొదటి బల్లకు చేరారు. మాసిన బట్టల పిల్లలు, ప్రభుత్వ సహాయంతో బతికే ఇళ్ల పిల్లలు వెనక బల్లలకు చేరారు. టీచరు దృష్టి, ప్రశ్నలు, మెప్పు ఎక్కువగా మొదటి బల్లకే దక్కాయి. రెండో తరగతికి వచ్చేసరికి చదువు గుంపులకు పేర్లు కూడా వచ్చాయి. పై గుంపు పులులు, చివరి గుంపు జోకర్లు. కిండర్‌గార్టెన్ ఎనిమిదో రోజు వేసిన గీత రెండేళ్ల తర్వాత కూడా చెరగలేదు.

ఆ గదిలో తెల్లవాళ్లెవరూ లేరన్నది మనం గుర్తు పెట్టుకోవాలి. వివక్ష చేయడానికి ఎదుటివాడు శత్రువై ఉండనక్కర్లేదు. 'ఈ ఇంటి పిల్లకు చదువు అబ్బదు' అన్న అంచనా ఒకటి చాలు. అలాంటి అంచనా దళిత టీచరులో కూడా ఉండొచ్చు.

ఇక మన దేశంలో ఏం జరుగుతుందో చూపే ప్రయోగం ఒకటుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలు 642 మందితో దాన్ని చేశారు. సగం మంది పై కులాలవాళ్లు, సగం మంది కింద కులాలుగా చూడబడేవాళ్లు. అందరికీ కాగితంపై దారి వెతికే చిక్కు బొమ్మలు ఇచ్చి, ఎన్ని పూర్తి చేస్తే అంత డబ్బు ఇస్తామన్నారు. కులం ఊసెత్తనప్పుడు ఇద్దరి మధ్య తేడా లేదు. గదిలో అందరి ముందూ పేరుతో పాటు కులం చదివి వినిపించాక కింద కులాల పిల్లల ఫలితం పడిపోయింది. కులం వారీగా విడదీసి కూర్చోబెట్టినప్పుడూ పడిపోయింది. పిల్లలు మారలేదు, చిక్కు బొమ్మలు మారలేదు. నువ్వెవరివో అందరికీ తెలుసు అన్న గుర్తుచేత మాత్రమే కొత్తగా చేరింది.

ఈ రెండు అధ్యయనాలనూ మన ఊరి బడికి తెచ్చి చూడండి. 'ఏ గ్రేడు, బీ గ్రేడు, సీ గ్రేడు' అని పిల్లల్ని విడగొట్టిన టీచరుకు చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ సీ గ్రేడులో కూర్చున్న తొమ్మిది మందిలో ఎనిమిది మంది వాడ పిల్లలే అయితే, ఆ గుంపును చూసే ప్రతి కంటికీ అది కులంగానే కనిపిస్తుంది. మిగతా పిల్లలకు అలాగే కనిపిస్తుంది, ఆ ఎనిమిది మందికీ అలాగే కనిపిస్తుంది. అంబేడ్కర్ చిన్నప్పుడు గోనె పట్టా ఇంటి నుంచి తెచ్చుకుని బడిలో విడిగా కూర్చున్నారు. గోనె పట్టా వేయించిన బడి తాను కులం పాటిస్తున్నానని దాచుకోలేదు. సీ గ్రేడు బల్లకు మాత్రం 'మూల్యాంకన ఫలితం' అన్న శాస్త్రీయమైన పేరు ఉంటుంది. దాన్ని ప్రశ్నించడం ఇంకా కష్టం.

మిగతా పిల్లలు ఏం చేస్తారు?

గుంపులతో నేర్పడంలో ప్రతి టీచరుకూ మొదట ఎదురయ్యే చిక్కు ఇది. నేను ఆరుగురితో కూర్చుంటే మిగతా 18 మంది ఏం చేయాలి? దీనికి జవాబు లేని చోట మూడు సంగతులు జరుగుతాయి. గది గోలవుతుంది, టీచరు గుంపులు వదిలేసి మళ్లీ నల్లబల్ల దగ్గరికి వెళ్తారు. లేదా మిగతా పిల్లలు పాఠం చూసి రాసుకుంటూ కాలం గడుపుతారు. లేదా ఊడ్చడం, నీళ్లు తేవడం, మధ్యాహ్న భోజనం గిన్నెలు సర్దడం వంటి పనులు వాళ్లకు అప్పజెబుతారు. ఆ పనులు ఏ కులం పిల్లలకు పడతాయో ఇక్కడ చదివేవాళ్లకు చెప్పనవసరం లేదు.

జవాబు లేదనుకోవద్దు. అది మన నేలమీదే ఉంది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. వాచకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఆ కార్డులు మెట్ల వరసలో ఉంటాయి. ప్రతి పిల్లా తన మెట్టు మీద కార్డు తీసుకుంటుంది. ఈ పని టీచరుతో చేయాలా, తోటి పిల్లతో చేయాలా, ఒంటరిగా చేయాలా అన్నది కార్డు మీది గుర్తే చెబుతుంది. పిల్ల దాని ప్రకారం ఆ గుంపులో కూర్చుంటుంది. కార్డు పూర్తయితే గుంపు మారుతుంది. కర్ణాటకలో 'నలి కలి', తమిళనాడులో కార్యకలాపాల ఆధారిత బోధన ఈ పద్ధతి స్ఫూర్తితోనే వచ్చాయి.

ఇందులో మనకు పనికొచ్చే సూత్రం ఒకటుంది. గుంపు అనేది చేయాల్సిన పనికి చెందాలి, పిల్లకు చెందకూడదు. పొద్దున టీచరు దగ్గర కూర్చున్న పిల్ల పదకొండింటికి తోటి పిల్లకు సాయం చేస్తూ కనిపిస్తే ఆమెకు 'సీ గ్రేడు' అన్న పేరు అంటుకోదు. వలస నుంచి తిరిగొచ్చిన పిల్లాడు కూడా తాను వదిలిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. పది పాఠాలు పోయాయన్న బెంగ ఉండదు.

కార్డులు లేని బడిలోనూ ఇది సాధ్యమే. పైన చెప్పుకున్న 24 మంది క్లాసుకే వద్దాం. గంట సమయంలో మొదటి 10 నిమిషాలు అందరూ కలిసి ఒక పాటో కథో చదువుతారు. తర్వాత 15 నిమిషాల చొప్పున మూడు విడతలు. ఒక విడత ప్రతిరోజూ అక్షరాల గుంపుకు, ఒక విడత ప్రతిరోజూ పదాల గుంపుకు. మూడో విడత ఒకరోజు పేరా గుంపుకు, మరుసటి రోజు కథ గుంపుకు. చివరి ఐదు నిమిషాల్లో ప్రతి గుంపు నుంచి ఒకరు తాము చదివింది క్లాసుకు చెబుతారు. టీచరు తమ దగ్గర లేనప్పుడు పిల్లలకు మూడు పనులు ఉంటాయి. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు చదివితే ఒకరు వినడం, అక్షరాల ముక్కలతో పదాలు కట్టడం, పొడుపు కథల కార్డులు చదివి విప్పడం. జంటల్లో ఒక్కోరోజు ఒక్కో గుంపు పిల్లల్ని కలపాలి. సందేహం వస్తే ముందు పక్కవాళ్లను అడగాలి, ఆ తర్వాతే టీచరు దగ్గరికి రావాలి. ఈ అలవాటు కుదరడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ వారాల్లో సిలబస్ ఎంతైందని అడిగే అధికారి వచ్చాడంటే మొత్తం కూలిపోతుంది.

ఈ లెక్కలో టీచరు సమయం ఎక్కువగా అక్షరాల, పదాల గుంపుల పిల్లలకే వెళ్తుందని గమనించండి. చాలా చోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది. బాగా చదివే గుంపును టీచరు తీసుకుంటారు. చదవలేని గుంపును ఐదో తరగతి పిల్లకో, వాలంటీరుకో అప్పగిస్తారు. అందరికంటే కష్టమైన పని అందరికంటే తక్కువ శిక్షణ ఉన్నవాళ్ల చేతికి వెళ్తుంది.

వాడ తెలుగు తప్పు తెలుగు కాదు

పిల్లను ఏ గుంపులో వేయాలన్నది ఒక పరీక్షను బట్టి తేలుతుంది. పిల్ల ముందు ఒక పేరా పెట్టి గట్టిగా చదవమంటారు. అక్కడే ఒక మోసం దాగి ఉంది.

'అమ్మ సంతకు వెళ్లింది' అని రాసి ఉంటే ఒక పిల్ల 'అమ్మ సంతకు పోయింది' అని చదువుతుంది. ఇంకో పిల్లాడు 'వె... ళ్లిం... ది' అని కూడబలుక్కుని చదువుతాడు, ఎవరు ఎక్కడికి వెళ్లారని అడిగితే చెప్పలేడు. మొదటి పిల్లకు అర్థం అందింది, ఇంటి మాటలో చెప్పింది. ఆమెకు కావాల్సింది అక్షరం మీద కాస్త శ్రద్ధ. రెండో పిల్లాడికి అక్షరం అందింది, అర్థం అందలేదు. ఇద్దరికీ వేర్వేరు సాయం కావాలి. తప్పుల సంఖ్య మాత్రమే లెక్కపెట్టే కాగితంలో మొదటి పిల్లే తప్పు చదివింది.

యాస సంగతీ అంతే. 'ళ'ను 'ల'గా, 'శ'ను 'స'గా పలికే పిల్ల అక్షరం గుర్తుపట్టలేదని అర్థం కాదు. ఆమె ఇంట్లో ఆ ధ్వని అలాగే ఉంటుంది. పలుకును చదువుగా లెక్కగడితే, ఇంట్లో వాచకం తెలుగుకు దగ్గరగా మాట్లాడే కులాల పిల్లలు చదవడం మొదలుపెట్టకముందే పై గుంపులో ఉంటారు.

వేగం కొలత మీద కూడా జాగ్రత్త కావాలి. మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అన్నది నిపుణ్ లక్ష్యం. తెలుగులో 'చదువుకోలేకపోతున్నారు' అన్నది ఒక్క పదమే. అందుకే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన పునాది అభ్యసన అధ్యయనంలో భాషకో కొలమానం విడిగా పెట్టారు. బడిలో గడియారం పట్టుకుని 60 లెక్కపెట్టే టీచరుకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఒక్క టీచరు, ఐదు తరగతులు

ఇంత చెప్పాక అసలు అడ్డంకి దగ్గరికి రావాలి. కేంద్ర విద్యాశాఖ 2024-25 లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా బడులు ఒక్క టీచరుతో నడుస్తున్నాయి. వాటిలో అత్యధికం ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. తెలంగాణలో 5,001. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లుండాలి. అంటే ఈ బడులన్నీ చట్టానికి బయట నడుస్తున్నాయి.

పిల్లలు తక్కువున్నారని ప్రభుత్వాలు ఎంచుకున్న దారి విలీనం. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు తరలించారు. నిరసనల తర్వాత 2025లో ఆ జీవో రద్దయింది. కానీ చిన్న బడి అంటే భారం అన్న ఆలోచన రెండు రాష్ట్రాల్లోనూ పోలేదు. వాడలో ఉన్న బడి మూతపడితే ఆరేళ్ల పిల్ల ఊరు దాటి, రోడ్డు దాటి వెళ్లాలి. వెళ్లిన చోట పెద్ద క్లాసు, కొత్త టీచరు, కొత్త బల్ల. ఆ బల్ల ఎక్కడ ఉంటుందో మనకు తెలుసు.

పైగా ఉన్న ఒక్క టీచరూ ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాలి, భోజనం లెక్క రాయాలి. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదని చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అది కాగితం మీదే ఉంది. కాబట్టి టీచరును దోషిగా నిలబెట్టి మనం సాధించేది లేదు. రెండో టీచరు కోసం, గుంపుల గంట కోసం పోరాడితే టీచర్ల సంఘాలూ మనతో కలిసి రావాలి, కలుపుకోవాలి.

బడికి వెళ్లి అడగాల్సినవి

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులుండాలని, వెనకబడిన, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఆ కుర్చీలో కూర్చున్న తల్లి ఈ ప్రశ్నలు అడగొచ్చు. విద్యార్థి సంఘాల మిత్రులు ఆమె పక్కన నిలబడాలి.

మా పిల్ల ఏ గుంపులో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది? గుంపులు నాలుగైదు వారాలకోసారి మళ్లీ పరీక్షించి మారుస్తున్నారా? ఏడాది మొత్తం ఒకే గుంపులో ఉన్న పిల్లలెంతమంది, వాళ్లలో ఎస్సీ, ఎస్టీ పిల్లలెంతమంది? చదవలేని గుంపుతో రోజూ కూర్చుంటున్నది టీచరేనా, వేరేవాళ్లా? టీచరు దగ్గర లేని సమయంలో ఎవరు ఏం చేస్తున్నారు, ఊడ్చే పని ఎవరిది? గుంపుల పేర్లేమిటి? భోజనంలో, ఆటలో, జంట చదువులో అందరూ కలుస్తున్నారా? పిల్ల ఇంటి మాటను తప్పుగా లెక్కేస్తున్నారా?

వీటిలో మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. జాతీయ స్థాయి సర్వేలు సామాజిక వర్గాల వారీ సగటు మార్కులు చెబుతాయి. ఒక గదిలో చివరి గుంపులో ఎవరున్నారో, ఎన్ని నెలలుగా ఉన్నారో ఆ సగటుల్లో కనిపించదు. తొలిమెట్టు లాంటి పథకాల్లో పిల్లల స్థాయి ఇప్పటికే నమోదవుతోంది, పిల్లల కులం బడి రికార్డుల్లో ఉంది. రెండూ కలిపి పిల్లల పేర్లు లేకుండా మండలం వారీగా బయట పెట్టమని అడగడానికి కొత్త సర్వే అక్కర్లేదు, కొత్త ఖర్చు అక్కర్లేదు. ఉపాధి హామీకి సామాజిక తనిఖీ ఉన్నప్పుడు చదువు గుంపులకు ఎందుకు ఉండకూడదు?

ఇలా అడిగితే 'బడిలోకి కులం తెస్తున్నారు' అనేవాళ్లు ఉంటారు. కులం ఆ గదిలో ఎప్పటినుంచో ఉంది, చివరి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎంతమంది ఎన్నాళ్లుగా అక్కడ ఉన్నారో లెక్క తేలితేనే అక్కడి నుంచి వాళ్లు లేచే రోజు ఎప్పుడో కూడా అడగగలం. గడువు 2026-27 అని ప్రభుత్వమే పెట్టుకుంది. ఆ తేదీలోపు మన మండలంలో మొదటి లెక్క బయటికి రావాలి.